మడిలో పండని గింజ

చిత్తూరు దగ్గర ఒక రైసుమిల్లులో ముప్ఫై ఎనిమిదేళ్లు పనిచేశాను. వడ్లలో తేమ చూడడం, నూక ఎంత పడుతుందో చెప్పడం నా పని. మానేసి ఆరేళ్లయింది. అయినా మా ఊరు కొత్తమిట్టలో ఎవరింటికి కొత్త మూట వచ్చినా ఒక గుప్పెడు నా దగ్గరికి తెస్తారు. పాతవా, కొత్తవా, అన్నం పొడిగా వస్తుందా అని అడుగుతారు. నేను రెండు గింజలు పంటి కింద వేసుకుని ఒక మాట చెబుతాను. దాంతో సరి.

నా భార్య తిరుమలమ్మ ఊరి బడిలో వంట చేస్తుంది. పదిహేనేళ్లుగా చేస్తోంది. అరవై రెండు మంది పిల్లలు. అందరికీ ఆమె అవ్వే.

ఆగస్టులో ఒక సోమవారం సాయంత్రం గిరి అంగట్లో బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నాను. గిరిది దోసెల అంగడి. మంచివాడే. నోరు పెద్దది, చేతిలో ఫోను అంతకంటే పెద్దది. తిరుమలమ్మ బడినుంచి వస్తూ నన్ను చూసి ఆగింది. కొంగు ముడి విప్పి కొన్ని గింజలు నా అరచేతిలో పోసింది.

"ఇవి సూడయ్యా. పది దినాలుగా ఏరి పారేస్తా ఉండా. కడిగితే పైకి తేలతాండాయి."

ఈ నెలనుంచి బడికి సన్నబియ్యం వస్తున్నాయి. ఇంతకుముందు లావుబియ్యం. సన్నబియ్యంలో ఈ గింజ వేరుగా కనిపిస్తోంది. తెల్లగా, సున్నపు ముక్కలా ఉంది. మామూలు గింజకు ఒక చివర మొలక ఊడిన గుంట ఉంటుంది. దీనికి లేదు. రెండు చివరలూ మొండిగా ఉన్నాయి. కొరికితే పటుక్కుమనలేదు. పిండిగా రాలింది.

"ఇది మడిలో పండిన గింజ కాదు" అన్నాను.

"అంటే ఏంది మామా?" గిరి దోసె తిప్పుతూ అడిగాడు.

నేను జవాబు చెప్పలేదు. అది ఏమిటో నాకు తెలియదు. తెలియదు అని అనొచ్చు. అన్నేళ్లు మిల్లులో ఉండి, బియ్యం గురించి తెలియదు అనడానికి నోరు రాలేదు. గింజలు బెంచీ మీద పెట్టి, టీ గ్లాసు పెట్టేసి ఇంటికి వచ్చాను.

దీపాలు పెట్టే వేళకు ఊరంతా ఒక వీడియో తిరిగింది. అందులో కనిపించేది నా చెయ్యే. ఎప్పుడు తీశాడో తెలియదు. మాట మాత్రం గిరిది.

"సూడండప్పా! మిల్లు సుందరరాజు మామే సెప్పినాడు. ఇది మడిలో పండింది కాదంట. మరి యాడ పండింది? ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో! మన పిలకాయలకు బడిలో ప్లాస్టిక్ బియ్యం పెడతా ఉండారు!"

మరుసటి రోజు తిరుమలమ్మ ఎప్పటిలాగే వండింది. తోటకూర పప్పు, అన్నం, గుడ్లు. తొమ్మిది మంది తిన్నారు. కొందరు ఇంటినుంచి డబ్బాలు తెచ్చుకున్నారు. కొందరి చేతుల్లో అంగట్లో దొరికే కారం ప్యాకెట్లు ఉన్నాయి. ఏమీ తెచ్చుకోని వాళ్లు నీళ్లు తాగి కూర్చున్నారు. మూడు గంటలకు ఆమె ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది.

"ఏమయ్యా, నీ నోట్లోనుంచి మాట రావాలంటే పట్టుకారు పెట్టి లాగాల. రాక రాక వచ్చిన మాట నా పొయ్యే ఆర్పాల్నా?"

"నేను ప్లాస్టిక్ అన్లేదు."

"కాదని గూడా అన్లేదు గదా!"

చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె ముందు పెట్టాను. ముట్టుకోలేదు.

"గుడ్లు మాత్రం అందరూ తీసుకున్నారు. కోళ్లు ఇంగా ప్లాస్టిక్‌వి రాలేదు గాబట్టి" అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. పొయ్యి వైపు తిరిగి నిలబడింది.

"శనివారం తల్లిదండ్రుల మీటింగంట. ఈ సేతి వంట మాకొద్దు అంటే ఇంగొకర్ని పెట్టుకుంటారంట. పోనీ, పెట్టుకోనీ. పదిహేనేళ్లు బువ్వ పెట్టి, పిలకాయలకు ప్లాస్టిక్ పెట్టిన మనిసి అనిపించుకోని ఇంట్లో కూసుంటా."

ఆ రోజు రాత్రి మా ఇద్దరి కంచాల్లోనూ అన్నం మిగిలింది.

బుధవారం బడికి వెళ్లాను. హెడ్మిస్ట్రెస్ పంకజాక్షి మేడమ్ చిత్తూరునుంచి బస్సులో వస్తుంది. మనిషి గట్టిది. నన్ను చూసి కుర్చీ చూపించింది. నేను కూర్చోలేదు.

"పెద్దాయనా, ఆ గింజ బియ్యం పిండితోనే చేస్తారు. పిండిలో ఇనుమూ, రక్తం పట్టే మందులూ కలిపి, మళ్లీ గింజ మాదిరి తీస్తారు. వంద గింజల్లో అది ఒకటి ఉంటుంది. మూట మీద రాసే ఉంది" అంది.

"యాడ రాసుండాది?"

ఆమె అటూ ఇటూ చూసింది. ఖాళీ మూటలు వరండాలో పరిచి ఉన్నాయి, ఒకటో తరగతి పిల్లలు కూర్చోవడానికి. రాత ఉన్న వైపు నేలకు ఉంది. ఒకటి తిప్పి చూపించింది. రాసే ఉంది.

"మీరు ఆ గింజ చేసేది చూసినారా మేడమ్?"

"లేదు. ట్రైనింగులో చెప్పారు." మూట మళ్లీ నేల మీద పరుస్తూ, "వంటామెకు కూడా చెప్పమన్నారు. నేను చెప్పలేదు. మరిచిపోయాను" అంది.

ఆ మాట ఒప్పుకున్నందుకు ఆమె మీద నాకు గౌరవం కలిగింది.

"నేను చూసి వస్తాను" అన్నాను.

"శనివారం లోపల చూసి రండి. ఆ మాట మీరు చెబితేనే ఊరు వింటుంది. నేను రెండు రోజులుగా చెబుతున్నా, ఒక్కరూ వినలేదు."

బయటికి వస్తుంటే వరండా చివర నర్సు రెబెకా పిల్లలకు రక్తపరీక్ష చేస్తోంది. వేలు గుచ్చి, చుక్క తీసి, చిన్న మిషన్లో పెట్టి చూస్తోంది. ఆమెది మా వీధే. అప్పుడు గిరి కూతురు మోక్షిత వంతు. ఐదో తరగతి. సన్నగా ఉంటుంది. కళ్లు ఎప్పుడూ నిద్ర వస్తున్నట్టు ఉంటాయి.

"ఎనిమిదిన్నర" అంది రెబెకా. "నీకు పదకొండున్నరన్నా ఉండాల తల్లీ. పొద్దున ఏం తిన్నావు?"

"టీ, బన్ను."

"మీ నాయన ఊరందరికీ దోసెలు పోస్తాడు. నువ్వు బన్ను తింటావా?"

"దోసె వాసనొస్తేనే నాకు యాక్."

"మధ్యాన్నానికి ఏం తెచ్చుకున్నావు?"

ఆ పిల్ల జేబులోంచి ప్యాకెట్ తీసి చూపించింది. రెబెకా ఒక చీటీ రాసి చేతిలో పెట్టింది. "ఇది మీ నాయనకు ఇయ్యి" అంది. ఆ పిల్ల చీటీని మడిచి ప్యాకెట్ ఉన్న జేబులోనే పెట్టుకుంది.



మేడమ్ చెప్పింది కళ్లతో చూసేదాకా తిరుమలమ్మకు చెప్పకూడదనుకుని, గురువారం తొలి బస్సుకు మిల్లుకు వెళ్లాను. అక్కడ ప్రేమానందం ఉన్నాడు. పని నేర్చుకునే రోజుల్లో నా కిందే ఉన్నాడు. ఇప్పుడు కొత్త మిషన్ ఒకటి అతని చేతి కింద ఉంది. నన్ను చూడగానే పెద్దగా నవ్వాడు.

"రా అన్నా, రా! ఆ వీడియోలో సెయ్యి నీదేనని అప్పుడే గుర్తుపట్టినా. బెల్టులో పడి పగిలిన బొటనేలు గోరు నీకు గాక ఇంగెవరికుండాది?"

"ఏంది ఆ గింజ?"

"నన్నొక మాట ఫోన్లో అడిగుంటే సెప్పనా? నీకు బియ్యం గురించి ఇంకొకర్ని అడగడమంటే తల కొట్టేసినట్టు గదా."

అతను మిషన్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఒక వైపునుంచి మామూలు బియ్యం పడుతున్నాయి. ఇంకో చిన్న పెట్టెలోంచి ఆ తెల్ల గింజలు సన్నగా రాలుతున్నాయి. వందకు ఒకటి. పెట్టె పక్కన ఆ గింజల మూట ఉంది. ప్రేమానందం ఒక గుప్పెడు తీసి గ్లాసులో వేసి వేడినీళ్లు పోశాడు. కాసేపటికి నా చేతిలో పెట్టాడు.

"పిసుకు."

పిసికాను. పిండి ముద్ద అయింది. పెసరంత ఉండ చేసి నోట్లో వేసుకున్నాను. బియ్యం పిండే. చివర్లో కొంచెం తుప్పు రుచి.

"ఇదే గింజ రేషన్ బియ్యంలో మూడేళ్లుగా పోతా ఉండాది అన్నా. లావుబియ్యంలో కలిసిపోతే నీ మాదిరోడికి గూడా కనపడదు. మీ ఊళ్లో ఇది తినని ఇల్లే లేదు."

నాకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది.

"మరి ఈ గింజ ఏరేస్తే?" అని అడిగాను.

"ఏరేస్తే ఏముంటాది? ఉత్త బియ్యం. రక్తం పట్టేది ఈ ఒక్క గింజే గదా. దాన్ని ఎవురేరతారు?"

ఎవరు ఏరారో నేను చెప్పలేదు. కాగితంలో కొన్ని గింజలు పొట్లం కట్టించుకుని బస్సెక్కాను.

ఇంటికి వచ్చేసరికి తిరుమలమ్మ చాటలో మర్నాటి బడి బియ్యం ముందేసుకుని కూర్చుంది. ఏరుతోంది. ఎవరూ తినకపోయినా ఏరుతోంది. ఏరినవి పక్కన కొబ్బరి చిప్పలో వేస్తోంది. నేను చాట పక్కకు లాగి ఉన్నదంతా చెప్పాను. నా జీవితంలో అంత పొడుగ్గా ఆమెతో ఎప్పుడూ మాట్లాడలేదనుకుంటా.

ఆమె చిప్ప వైపు చూసింది.

"అయితే నేను ఏరింది మందునా?"

"ఊఁ."

"పది దినాలు! కండ్లు గుంటలు పడేట్టు కూసోని, ఒక్క గింజ గూడా మిగలకుండా ఏరి కోళ్లకేసినానే. ఆ మోక్షిత కంచంలో కనపడింది గూడా నేనే వేలితో తీసి పడేసినానే!"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడే రెబెకా పని ముగించుకుని ఇంటికి పోతూ మా వాకిట్లో ఆగింది. సంగతి విన్నది. తిరుమలమ్మ పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది.

"ఏడవబాక పెద్దమ్మా. పది దినాల్లో ఏమీ మునిగిపోలేదు. పిలకాయలకు మంచి జరగాలనే గదా ఏరినావు. ఈ పొద్దు నుంచి ఏరొద్దు, సాలు. అన్నంలోకి నిమ్మకాయ పిండు, ఆకుకూర పెట్టు. తినినాక టీ మాత్రం తాగనీయొద్దు. టీ తాగితే ఆ ఇనుము ఒంటికి పట్టదు." లేస్తూ చిప్పలోకి చూసింది. "మీ కోళ్లకు మటుకు రక్తం దండిగా పట్టుంటాది. గుడ్లు పెడితే ఊళ్లో అమ్మొద్దు, నాకే ఇయ్యి."

తిరుమలమ్మ ఏడుస్తూనే నవ్వింది. కానీ శనివారం ఇంకా ఉంది. ఊరంతా ఒకవైపు, నేను చెప్పే మాట ఒకవైపు. అదీ, మొన్న చెప్పిన మాట మీద మళ్లీ చెప్పే మాట.

శుక్రవారం తెల్లవారగానే గిరి అంగడికి వెళ్లాను. ఇంకా ఎవరూ రాలేదు. పెనం మీద తొలి దోసె పోశాడు. పక్కన పెద్ద గిన్నెలో మరుసటి రోజు పిండికి బియ్యం నానబోసి ఉన్నాయి. మా ఊళ్లో రేషన్ బియ్యం అన్నానికి ఎవరూ వండుకోరు. దోసెలకు, ఇడ్లీలకు పోతాయి. గిరి అంగట్లో అయితే అన్నీ అవే.

గిన్నెలో నీళ్ల మీద తెల్ల గింజలు తేలుతున్నాయి. వేలితో తీసి పది గింజలు బల్ల మీద వరసగా పెట్టాను. జేబులోంచి పొట్లం విప్పి మిల్లు గింజలు పక్కన పోశాను. గిరి చూశాడు. ఇంకోసారి చూశాడు. పెనం మీద దోసె మాడింది.

"మామా, ఇది రేషన్ బియ్యం గదా."

"ఊఁ."

"రోజూ దోసెలకు ఇవే నానబోస్తా."

"ఊఁ."

"ఎన్నాళ్లనుంచి ఉండాది ఇందులో?"

"మూడేళ్లు."

గిరి నుదురు తుడుచుకున్నాడు. నేను మిల్లులో చూసింది చెప్పాను. నానిన గింజ ఒకటి అతని చేతిలో పెట్టి పిసకమన్నాను. పిసికాడు.

"రేపు మీటింగులో నాది నేను చెప్పుకుంటా. నీ వీడియో సంగతి నువ్వు చెప్పు" అన్నాను.

"ఎట్ల సెప్పేది? నా బియ్యంలోనే ఉండాదని సెబితే, నా దోసె ఎవురు తింటారు మామా? అంగడి మూసుకోవాల్సిందే."

"మోక్షిత చీటీ ఇచ్చిందా?"

"ఏం చీటీ?"

"రక్తం ఎనిమిదిన్నర ఉందంట. పదకొండున్నర ఉండాలంట. బడి అన్నం మానేసి ప్యాకెట్ తింటోంది. నువ్వే మాన్పించినావు."

అతను పొయ్యి ఆపేశాడు.  

శనివారం బడి వరండాలో యాభై మందికి పైగా వచ్చారు. తిరుమలమ్మ వంటగది గుమ్మంలో నిలబడింది. తల ఎత్తలేదు. గిరి రాలేదు. పంకజాక్షి మేడమ్ ముందు మాట్లాడింది. జనం తమలో తాము మాట్లాడుకున్నారు. తర్వాత నన్ను పిలిచింది.

లేచి, జేబులోంచి పొట్లం తీశాను. 

"ఆ గింజ మడిలో పండింది కాదు అన్నాను. అది నిజమే" అన్నాను. "పిండితో చేసిన గింజ. రక్తం పట్టేదానికి చేసింది. మిల్లులో నా కళ్లతో చూసినాను. ఆ రోజు నాకు తెలీదు. తెలీదని చెప్పుంటే ఇంత జరిగేది కాదు. చెప్పలేదు. తప్పు నాది. వంట చేసే మనిషిది కాదు."

పొట్లంలోని గింజలు నీళ్లలో వేసి అందరికీ చూపించాను. ముందు వరసలో ఉన్నవాళ్లు పిసికి చూశారు. తలకాయలు ఊపారు. అప్పుడు మునెమ్మ లేచింది. మా పక్కింటామే. ఇద్దరు మనవళ్లు బడిలో చదువుతున్నారు.

"అన్నీ బాగా సెప్పినావన్నా. మొన్న ఒక మాట, ఈ పొద్దు ఒక మాట. నడుమ ఏమైంది? పెండ్లాం గరిటె పోతాదనేసరికి మొగుడికి నోరొచ్చింది. నేను తప్పుగా ఏమన్నా అంటా ఉండానా?"

అందరూ నవ్వారు. అది తప్పు మాట కాదు. ఆమె చోట నేనున్నా అదే అడుగుతాను. గుమ్మంలో తిరుమలమ్మ లోపలికి పోవడానికి తిరిగింది.

"మునెమ్మవ్వా, కూసో."

గేటు దగ్గర గిరి. రెండు చేతులా గిన్నె పట్టుకుని వస్తున్నాడు. నీళ్లు ఒలికి చొక్కా తడిసింది. గిన్నె తెచ్చి అందరి నడుమ పెట్టాడు.

"నా అంగట్లో దోసె తిననోళ్లు ఎవురన్నా ఉంటే సెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు.

"నేను ఇడ్లీ తింటా" అంది మునెమ్మ.

"అదీ ఈ బియ్యమే గదవ్వా. దా, సూడు. ఏం తేలతాండాది?"

మునెమ్మ వంగి చూసింది. మిగతావాళ్లు లేచి గిన్నె చుట్టూ మూగారు.

"రేషన్ బియ్యం. మూడేళ్లుగా ఇందులో ఇదే గింజ ఉండాదంట. మీ ఇండ్లల్లో ఉండాది, నా అంగట్లో ఉండాది. మూడేళ్లు తిని ప్లాస్టిక్ అయిపోయినోళ్లు ఎవురన్నా ఉంటే ముందుకు రాండి. నేను గూడా తినినా. సూడండి, సాగతానా?" చెయ్యి పట్టుకుని లాగి చూపించాడు.

"నువ్వు సాగవు గానీ నీ దోసె సాగతాది. నాకు ఎప్పుడో అనుమానమే!" అంది మునెమ్మ.

వరండా అంతా గొల్లుమంది. పంకజాక్షి మేడమ్ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గిరి మాత్రం నవ్వలేదు. వంటగది గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"వీడియో తీసేసినా అత్తా. తప్పయిపోయింది."

తిరుమలమ్మ అప్పుడు తల ఎత్తింది.

"తప్పు సంగతి తర్వాత సూస్తాం. ముందు నీ బిడ్డకు పొద్దున్నే ఆ టీ మాన్పించు. సోమవారం ప్యాకెట్ జేబులో పెట్టుకోని వస్తే, దాన్ని కాదు, నిన్ను పిలిపిస్తా బడికి."

"సరే అత్తా."

ఇక వంట ఎవరు చేయాలన్న మాట అడగాలి. పంకజాక్షి మేడమ్ అడిగింది. ఎవరూ వద్దనలేదు. ఉండమని కూడా గట్టిగా ఎవరూ అనలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "సోమవారం పిలకాయలు తింటారో లేదో, అప్పుడు తెలస్తాది" అంటూ మునెమ్మ లేచిపోయింది. ఆమె వెనకే అందరూ వెళ్లారు.

ఆదివారం తిరుమలమ్మ ఒక్క మాటా మాట్లాడలేదు. మా ఇంట్లో ఆ పని నాది. ఆ రోజు ఆమె చేసింది.

సోమవారం ఆమె ముందే వెళ్లిపోయింది. పదకొండు దాటాక ఉండలేక నేనూ బయలుదేరాను. ప్రహరీ బయటినుంచి తొంగి చూస్తే బియ్యం ఎసట్లో ఉడుకుతున్నాయి. గిన్నె చిన్నది. సగమే పోసింది. వారమంతా మిగిలి, కుడితికి పోసీ పోసీ ఆమెకు భయం పట్టుకుంది. నేను చూసినట్టు ఆమెకు తెలియకుండా ఇంటికి వచ్చేశాను.

పన్నెండున్నరకు ఫోను మోగింది. పంకజాక్షి మేడమ్.

"పెద్దాయనా, మీ ఇంట్లో అన్నం ఉందా?"

"ఏం మేడమ్?"

"అన్నం చాలలేదు! అందరూ కూర్చున్నారు. డబ్బాలు తెచ్చుకున్న వాళ్లు కూడా డబ్బా పక్కన పెట్టి కూర్చున్నారు. అవ్వ నన్ను తిడుతోంది, నేనేం చేయను? ఉన్నది తీసుకుని త్వరగా రండి."

మా ఇద్దరికీ వండిన అన్నం చిన్న గిన్నెడు ఉంది. అది ఎంతమందికి సరిపోతుంది? పక్కింటి గుమ్మంలో నిలబడి మునెమ్మను పిలిచాను. విషయం చెప్పాను. ఆమె నా మొహం చూసి, లోపలికి వెళ్లి, తన అన్నం గిన్నె మూతతో సహా తెచ్చి నా చంకలో పెట్టింది.

"నా మనవళ్లకు మటుకు గడ్డకట్టింది పెట్టొద్దని సెప్పు మీ ఆమెకు" అంది. "గిన్నె తోమి తీసుకురావాల."

నా వయసులో రెండు గిన్నెలు పట్టుకుని నడవడం తేలిక కాదు. దారిలో ఎక్కడా ఆగలేదు.

వరండాలో రెండు వరసలుగా కూర్చున్నారు. పప్పులో మునగాకు వేసింది. ప్రతి కంచంలోనూ ఒక నిమ్మబద్ద ఉంది. మునగాకు చూసి కొందరు అంచుకు తోశారు. తిరుమలమ్మ వరస వెంట నడుస్తూ ఆ అంచుకు తోసినదాన్ని మళ్లీ నడుమకు నెడుతోంది. పిల్లలు అన్నం కెలికి తెల్ల గింజలు వెతుకుతున్నారు. పంకజాక్షి మేడమ్ పొద్దున పాఠంలో అదే చెప్పిందట.

"నాకు మూడు ఇనుప గింజలు!"

"నాకు ఐదు! నాకు రక్తం జాస్తి పడతాది!"

"ఏరబాకండ్రా! ఏరేది ఇంగ ఈ బడిలో లేదు. గమ్మున కలుపుకోని తినండి" అని తిరుమలమ్మ కసిరింది.

మోక్షిత నిమ్మబద్ద పిండుకుని, మొహం ముడుచుకుని, ముద్ద నోట్లో పెట్టుకుంది. తర్వాత ఇంకో ముద్ద. ఆకు కూడా తింది, ముక్కు మూసుకుని. నేను గుమ్మం పక్కనే నిలబడి ఆ పిల్ల కంచం ఖాళీ అయ్యేదాకా చూశాను.

తిరుమలమ్మ నా చేతుల్లోంచి గిన్నెలు లాక్కుంది.

"ఇంతసేపా?" అంది. మొహం చూడలేదు. వెళ్లి వడ్డించింది. రెండో వరస చివరనుంచి మళ్లీ చేతులు లేచాయి. గరిటె అడుగుకు తగిలిన చప్పుడు వినిపించింది. అది కూడా గీకి పెట్టింది.

రెండు గంటలకు అందరూ చేతులు కడుక్కుని తరగతుల్లోకి వెళ్లారు. ఒక్క మెతుకు మిగల్లేదు. ఆమెకూ లేదు, నాకూ లేదు. తిరుమలమ్మ చెంబెడు నీళ్లు తాగి, కొంగుతో మొహం తుడుచుకుని, వంటగది మెట్టు మీద గోడకు ఆనుకుని కూర్చుంది. వారంగా ఆమె భుజాలు బిగించుకునే ఉన్నాయి. అప్పుడు దిగాయి.

"రేపు పెద్ద గిన్నె పెడతా" అంది.

"ఊఁ" అన్నాను.

"ఆకలేస్తా ఉండాది."

"ఇంట్లో మజ్జిగ ఉండాది."

"సాలు. కొంచేపుండి పోదాం."

కళ్లు మూసుకుంది. నేను మునెమ్మ గిన్నె తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లి తోమడం మొదలుపెట్టాను.